లేని జ్వరానికి ప్రార్థన

బుధవారం వచ్చిన బత్తాయిలు శనివారం పొద్దుటికి కూడా బల్ల మీద అలాగే ఉన్నాయి. పక్కన బన్నుల పొట్లం. ఎవరూ ముట్టలేదు.

జ్వరమే లేని మనిషిని పరామర్శించడానికి గుడి ఆడవాళ్ళు తెచ్చిన పళ్ళు అవి. ఒలుచుకు తినడానికి ఎవరికి మాత్రం చేతులు వస్తాయి?

లోపలి గదిలో సంతోషమ్మ చాప మీద కూర్చుని, తల మీద కొంగు కప్పుకుని, గోడవైపు తిరిగి ఉంది. పేరుకు సంతోషమ్మే గానీ గురువారం నుంచి ఆ ముఖంలో దాని ఛాయ లేదు. మంచినీళ్ళు తప్ప మరేమీ పుచ్చుకోవడం లేదు. ఏమిటని అడిగితే ఉపవాస ప్రార్థన అంటుంది. ఎందుకని అడిగితే కళ్ళు మూసుకుంటుంది. మూసుకున్న కళ్ళకు జవాబు చెప్పడం ఎంత కష్టమో కోడళ్ళను అడగాలి.

కృపామణి జావ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అత్తమ్మా, మూడొద్దులాయె. జర జావన్న తాగు."

సంతోషమ్మ కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

"నా మీద కోపముంటే తిట్టు. గిట్ల కడుపు మాడ్చుకుంటే నేనేం గావాలె?"

"కోపం గాదు బిడ్డా," అంది సంతోషమ్మ గోడతోనే. "ప్రార్థన."

కృపామణి గ్లాసు అక్కడే పెట్టి ముందు గదిలోకి వచ్చింది. దేవసహాయం కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. ఒక బూటు కట్టడానికి అంతసేపు పట్టదు. తల ఎత్తితే భార్య ముఖం చూడాల్సి వస్తుందని కడుతూనే ఉన్నాడు.

"చూసిన్రా?" అంది కృపామణి. "మీ అమ్మ లేవనన్న లేస్తలేదు."

"నన్నేం చెయ్యమంటవ్?"

"పోయిన ఆదివారం చెయ్యమన్నది చేస్తే ఇయ్యాల గిదంతా ఉండకపోవు. ఐలయ్య మామకు నా పేరు చెప్పుమన్న. ఒక్క మాట."

"ఏమని చెప్పాలె? నా భార్య గుడి ఎగ్గొట్టి ఆఫీసుకు పోయిందనా?"

"డ్యూటీల ఉందని. మీరు ఆదివారం పోయినప్పుడు నేను చెప్పేది అదే గద."

దేవసహాయం బూటు వదిలేశాడు.

లింగంపల్లిలోని ఆ చిన్న చర్చికి, వాళ్ళ మాటలో గుడికి, ఒక ఆనవాయితీ ఉంది. సంఘంలో సగానికి పైగా ఫ్యాక్టరీ వాళ్ళే. ఆదివారం మొదటి షిఫ్టుకు పోయినవాళ్ళ పేర్లు ఇంటివాళ్ళు గుమ్మం దగ్గర సంఘపెద్ద ఐలయ్య చెవిన వేస్తారు. పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పే ముందు ఐలయ్య లేచి, కాగితం ముక్క లేకుండా, డ్యూటీలో ఉన్నవాళ్ళ పేర్లన్నీ గడగడా చెప్పి ప్రార్థన చేస్తాడు. సంఘమంతా ఆమెన్ అంటుంది. గుడికి రాలేనివాడికి ఆ ఆమెనే హాజరు.

పెళ్ళయిన ఏడాది నుంచీ కృపామణి ఆ గుమ్మం దగ్గర మొగుడి పేరు చెబుతూనే ఉంది. పోయిన ఆదివారం మొదటిసారి తాను డ్యూటీకి పోయింది. హైటెక్ సిటీలో గుండ్రటి అద్దాల భవనం లేచినప్పటి నుంచి ఆమె కంపెనీ అందులోనే ఉంది. రెండువేల సంవత్సరం వచ్చేలోగా అమెరికా బీమా కంపెనీ కంప్యూటర్లలో తారీఖులు సరిచేయాలి. వాళ్ళ యంత్రాలు ఖాళీగా దొరికేది శనివారం రాత్రి. వాళ్ళ శనివారం రాత్రి అంటే మనకు ఆదివారం పొద్దున. ఈ లెక్క ఏ దేవుణ్ణీ అడిగి పెట్టింది కాదు.

ఆ పొద్దున గుమ్మం దగ్గర ఐలయ్య, "కోడలు రాలేదేంది?" అని అడిగితే దేవసహాయం నోటికి వచ్చిన మాట జ్వరం. అంతే, కృపామణి పేరు డ్యూటీ వాళ్ళలో కాక రోగుల్లో చేరిపోయింది. ఐలయ్య ఆ జ్వరాన్ని గద్దించి మరీ ప్రార్థన చేశాడు. బుధవారం సాయంత్రం స్త్రీల సమాజం వాళ్ళు బత్తాయిలతో పరామర్శకు వచ్చారు. సంతోషమ్మ ఏం చెప్పాలో తెలియక వాళ్ళను కూర్చోబెట్టి కబుర్లు వెతుక్కుంటుంటే, రోగి కంపెనీ బస్సు దిగి, భుజాన సంచీతో, ఏదో పాట పాడుకుంటూ ఇంట్లోకి వచ్చింది.

"దేవుడు జల్దీనే స్వస్థపరిచిండు," అని ఒకావిడ లేచింది. తక్కినవాళ్ళూ లేచారు.

"మీది ఫ్యాక్టరీ, మిషన్ ఆగదు, అందుకే డ్యూటీ," అంది కృపామణి ఇప్పుడు. "నాది కుర్చీల కూసునే పని. అందుకే జరం. గంతేనా?"

"నలుగురు ఏమంటరో నీకు ఎర్కలేదు."

"నేను మీ పేరు చెప్పినన్నేండ్లు నన్ను ఎవరేమన్నరు? మంచిగ చదువుకున్న పిల్ల, మొగని కోసం ప్రార్థన అడుగుతున్నదన్నరు. నా కోసం మీరు అడిగితే మీకు తక్కువైతదా?"

దేవసహాయం టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి నడిచాడు. ఒక బూటు తాడు కట్టలేదని వీధి మలుపు తిరిగేదాకా చూసుకోలేదు.

*

కృపామణి మేనేజరు సుబ్రహ్మణ్యం గారు కాకినాడ మనిషి. కోపం వచ్చినా అండి వదలడు. ఆ మధ్యాహ్నం ఆయన అద్దాల గది తలుపు వేసి కుర్చీ చూపించాడు.

"కూర్చోండి కృపామణి గారూ. సాయంత్రంలోగా పైకి పేరు పంపాలండీ. ప్రాజెక్ట్ లీడర్ ఎవరని."

"తెలుసు సార్."

"పని మీదే బాగుందండీ. అందులో నాకు అనుమానం లేదు. పోయిన ఆదివారం టెస్టింగులో అమెరికావాళ్ళ వైపు తప్పు పట్టింది మీరే. కానీ పైవాళ్ళు నరేందర్ పేరు అంటున్నారు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. ఈ కంపెనీలో మూడేళ్ళుగా కృపామణి ఆదివారం పొద్దున రాదని అందరికీ తెలుసు. ఊరికే రాకుండా లేదు. దసరాకు, దీపావళికి, వినాయక చవితికి, ఉగాదికి అందరూ ఇళ్ళకు పోతే ఖాళీ ఆఫీసులో కూర్చున్నది ఆమే. ఒకరి పండుగ ఒకరు కాసే ఒప్పందం అది. ఎవరూ రాసుకోలేదు, ఎవరూ మరిచిపోలేదు. నరేందర్ చెల్లెలి పెళ్ళికి కూడా రెండు రాత్రుల పని ఆమే లాగించింది.

"ఇకనుంచి ప్రతి ఆదివారం పొద్దునా పని పెడతారండీ వాళ్ళు. లీడర్ లేకుండా కుదరదు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. అందుకని సూటిగా అడుగుతున్నాను. ఇది మీకు కావాలా?"

చదువు, ఉద్యోగం, పెళ్ళి, అన్నింటికీ కృపామణిని అడిగినవాళ్ళున్నారు. చేయగలవా అని అడిగారు, చేయవచ్చా అని అడిగారు. కావాలా అని అడిగినవాళ్ళు లేరు. దేవుని చిత్తమైతే చూద్దాం అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని ఆపేసింది. ఆ మాటను వినయంగా వాడొచ్చు, పిరికితనంగానూ వాడొచ్చు. ఈ రోజు రెండోదవుతుందని ఆమెకు తెలుసు.

"కావాలి సార్. చాలా కావాలి."

సుబ్రహ్మణ్యం గారు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"అయితే ఒకటుంది సార్. నెలలో మొదటి ఆదివారం నేను రాను. ఆ రోజు మాకు ప్రభు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. పోయిన వారం తప్పిపోయింది. నా మనసు ఇంకా కుదుటపడలేదు. ఇంకోసారి తప్పించను."

"మొదటి ఆదివారమే కావాలని క్లయింటు పట్టుబడితేనండీ?"

"పట్టుబడితే వాళ్ళతో మాట్లాడాల్సింది లీడరే కదా సార్. నేను మాట్లాడతాను. ఆ ఒక్క వారం పని ఎలా జరగాలో ప్లాన్ రాసుకొచ్చాను. నరేందర్‌తో కూడా మాట్లాడాను. తన దీపావళి నేను కాస్తే నా ఆదివారం తను కాస్తానన్నాడు."

సుబ్రహ్మణ్యం గారు నవ్వి, ముందున్న కాగితం మీద ఆమె పేరు రాశాడు. "ముందే అందరినీ కట్టేసుకుని వచ్చారన్నమాట!"

"లీడర్ పని అదే కదా సార్."

కారిడార్లోకి వచ్చి ఆమె అద్దం దగ్గర ఆగింది. అద్దాల్లోంచి బయట బండరాళ్ళు, వాటి మధ్య కొత్తగా వేస్తున్న రోడ్డు, ఎర్రమట్టి కనిపించాయి. సంగారెడ్డి హాస్టల్లో తల నిండా నూనె పెట్టుకుని లెక్కలు చేసిన పిల్ల ఇప్పుడు ఇక్కడ పదకొండుమందికి పై మనిషి. గర్వంగా ఉంది. గర్వం పాపమని చిన్నప్పుడు నేర్పారు. కానీ కష్టపడి చేసిన పని మంచిదని ఎవరో గుర్తిస్తే కలిగే ఈ సంతోషానికి వేరే పేరు ఎవరూ నేర్పలేదు.

*

ఇంటికి వచ్చేసరికి జావ గ్లాసు పెట్టినచోటే ఉంది. పైన పొర కట్టింది. కృపామణి చాప అంచున కూర్చుంది.

"అత్తమ్మా, లీడర్ని చేసిన్రు."

సంతోషమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. మూడు రోజుల్లో అదే మొదటిసారి.

"రేపు పొద్దున మల్ల పోవాలె. మొదటి ఆదివారం మాత్రం పోను. అది అడిగి ఒప్పించుకున్న. నువ్వు ఈ ఉపవాసం నా ఉద్యోగం పోవాలని చేస్తున్నవో, నా మనసు మారాలని చేస్తున్నవో నాకు తెల్వది. నా మనసైతే మారదు. దేవుడంటే భయం లేక గాదు. ఈ పని నాకు మంచిగ వస్తది. నాకది ఇష్టం. నీకు చెప్పకుండ దాచలేను."

ముందు గదిలో కుర్చీ చప్పుడైంది. దేవసహాయం ఎప్పుడు వచ్చాడో, టీ గ్లాసుతో గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు.

"పిచ్చిదానా," అంది సంతోషమ్మ. గొంతు పీలగా ఉంది. "నీ ఉద్యోగం పోవాలని నేను పస్తుంటనా?"

"మరెందుకు?"

ముసలామె కొంగు సర్దుకుంది.

"ఆ దినం నేను గుడిల్నే ఉన్న. ఐలయ్య నీకు జరమన్నడు. నాకు ఎర్కే గద, నువ్వు పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకొని పోయినవ్. అబద్ధమని ఎర్కే. అయినా కొడుకు మొఖం చూసిన. అందరితోని కలిసి ఆమెన్ అన్న."

కృపామణి చాప మీద ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"దేవుని ఇంట్ల, అబద్ధానికి ఆమెన్. ఆ ఆమెన్ నా నోట్లకెల్లి వచ్చింది. బుధవారం వాళ్ళు బత్తాయిలు తెచ్చి నా ఒళ్ళె పెడితే, ఆ పండ్లు నన్నే చూసినట్టైంది. ఈ ఉపవాసం నా గురించి బిడ్డా. నీ గురించి గాదు."

గుమ్మం దగ్గర టీ గ్లాసు కిటికీ మీద పెట్టిన చప్పుడు. దేవసహాయం అక్కడ లేడు.

"ఇంకొకటి విను," అంది సంతోషమ్మ. "మిషన్ దవాఖానల ఆయాగ చేసిన. ఆదివారమని కాన్పులు ఆగుతయా? ఎన్ని ఆదివారాలు పోయిన్నో లెక్కలేదు. గుడిల డాక్టరమ్మ కోసం ప్రార్థన చేసేటోళ్ళు. నా పేరు ఎవ్వరు చెప్పలే. అడగాలని నాకు తట్టనే లేదు. నీకు తట్టింది."

కృపామణి అత్తగారి చేయి పట్టుకుంది. అత్తా కోడళ్ళు ఇద్దరూ ఏడిచారు. ఎవరు ఎవరిని ఓదార్చారో చెప్పడం కష్టం.

"ఇప్పుడన్న జావ తాగు."

"రేపు గుడి అయినంక."

*

ఆదివారం తెల్లారి కృపామణి తెల్ల చీర కట్టుకుని కంపెనీ బస్సెక్కింది. గుడికి కట్టుకునే చీర అది. ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు ఉంది. ఎవరూ అడగలేదు. దేవసహాయం బస్సు దాకా వచ్చి డబ్బా అందించాడు. ఏదో అనబోయాడు. బస్సు కదిలింది.

ఆఫీసులో పని మొదలైంది. తెర మీద అంకెలు పరుగెడుతున్నాయి. లింగంపల్లిలో వాక్యానికి ముందు ప్రార్థన జరిగే వేళకు కృపామణి ఒక్క నిమిషం కీబోర్డు మీద చేతులు ఆపి, కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుంది. వెనక కుర్రాళ్ళు ఏదో జోకు వేసుకుంటున్నారు.

"అరే, జర సైలెంట్ ఉండుండ్రి," అన్నాడు నరేందర్. వాళ్ళు ఊరుకున్నారు.

అప్పటికే గుడి గుమ్మం దగ్గర జరగాల్సింది జరిగిపోయింది. దేవసహాయం ఐలయ్య పక్కనుంచి తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. సంతోషమ్మ మాత్రం ఆగింది. మూడు రోజుల ఉపవాసంతో కాళ్ళు తేలిపోతున్నాయి. గుమ్మం పట్టుకుంది.

"ఐలయ్యా, డ్యూటీ పేర్లల్ల నా కోడలి పేరు చెప్పు. కృపామణి."

ఐలయ్య ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయిన మనిషి. గొంతు ఇంకా రిటైరు కాలేదు. "అదేందక్కా! ఫర్నేసు దగ్గర పోశన్న కాలిపోయినప్పుడు పెట్టుకున్న ప్రార్థన అది. ప్రాణాల మీదికి తెచ్చుకునే మగపిల్లల కోసం. కంప్యూటర్ ముంగట కూసుంటే ఏమైతది? అయినా పోయిన వారం జరమన్నరు గద?"

"లేని జరానికి అంత గట్టిగ ప్రార్థన చేసినవ్. ఉన్న పనికి చెయ్యవా?"

ఐలయ్య ముఖం నల్లబడింది. "లేని జరమా? అంటే సంఘం ముంగట నిలబడి నేను అబద్ధమాడిన్నా? ఇప్పుడు దాన్ని నేనే మార్చి చెప్తే నా మాటకు ఇలువేముంటది? నాతోని గాదు."

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. సంతోషమ్మ ఆడవాళ్ళ వైపు చాప మీద కూలబడింది. పక్కనే బత్తాయిలు తెచ్చినావిడ కొంచెం ఎడంగా జరిగింది.

పాటలు అయ్యాయి. ఐలయ్య లేచి గొంతు సవరించుకున్నాడు. డ్యూటీలో ఉన్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. ఎప్పటిలా గడగడా కాదు, ఆచితూచి. చివరి పేరూ అయింది. కళ్ళు మూసుకోబోయాడు.

సంతోషమ్మ గోడ పట్టుకుని లేచింది. ఆమె నోరు తెరిచేలోగా మగవాళ్ళ వైపు బెంచీ కిర్రుమంది.

"ఇంకో పేరున్నదన్నా," అన్నాడు దేవసహాయం.

గుడిలో అందరూ అటు తిరిగారు. అతను రెండు చేతులతో ముందు బెంచీ పట్టుకున్నాడు. మొహం ఎర్రగా కందిపోయింది.

"పోయిన వారం మీరందరు నా భార్య జరానికి ప్రార్థన చేసిన్రు. జరం లేదు. నేనే అబద్ధం చెప్పిన. ఆమె ఆఫీసుకు పోయిందని చెప్పనీకి సిగ్గయింది. ఆమె అయితే నన్ను చెప్పుమన్నది. తప్పు నాది, ఐలయ్యన్న తప్పు గాదు." ఆగాడు. బెంచీ వదిలి నిటారుగా నిలబడ్డాడు. "ఆమె పేరు కృపామణి. డ్యూటీల ఉన్నది. నిన్ననే లీడర్‌ని చేసిన్రు. పదకొండుమందికి."

చివరి మాట దగ్గర అతని గొంతు తనకు తెలియకుండానే పెరిగింది. పెళ్ళినాడు కూడా భార్య పేరు అంత గట్టిగా చెప్పలేదతను.

ఐలయ్య దిక్కుతోచక అయ్యగారి వైపు తిరిగాడు.

"అయ్యగారూ, ఏం చెయ్యమంటరు?"

అయ్యగారు కళ్ళజోడు తీసి అంగీ అంచుతో తుడిచాడు. దేవసహాయాన్ని చూశాడు. గోడ పట్టుకుని నిలబడ్డ ముసలామెను చూశాడు.

ప్రార్థన ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు. అయినా సంతోషమ్మ మెతుకు ఎరగని గొంతులో ఉన్న శక్తి అంతా కూడదీసుకుని, గుడి నాలుగు మూలలకూ వినబడేలా "ఆమెన్" అంది. అని, కూర్చోకుండా, అయ్యగారి వంకే చూస్తూ నిలబడింది.